చిన్న పట్నం, పాత యూనివర్సిటీ: వెళ్ళాలా, వద్దా?

డిగ్రీ అయిపోయాక పై చదువు ఎక్కడ చదవాలన్న ప్రశ్న అగ్రవర్ణాల ఇళ్ళలో ఇంటి మాటగానే తేలిపోతుంది. ఒక మేనమామ అక్కడ చదివి ఉంటాడు. ఒక పెదనాన్న అక్కడ పాఠాలు చెప్పి ఉంటాడు. హాస్టల్లో అన్నం ఎట్లా ఉంటుంది, ఏ ప్రొఫెసర్ దగ్గర చేరితే పని అవుతుంది, ఎవరి దగ్గర చేరితే ఏళ్ళు ఊరికే గడిచిపోతాయి - ఇవన్నీ ఆ పిల్లలకి దరఖాస్తు పెట్టకముందే తెలుసు. మన పేటల్లో ఈ సమాచారం లేదు. మొదటి తరం విద్యార్థికి యూనివర్సిటీ గురించి తెలిసేవి రెండే రెండు: దాని పేరు, దాని వయసు. "చాలా పాత యూనివర్సిటీ అంట" అన్న మాట ఇంట్లో వాళ్ళకి ధైర్యం ఇస్తుంది. "చిన్న ఊరంట, ఖర్చు తక్కువంట" అన్న మాట ఇంకొంచెం ధైర్యం ఇస్తుంది. ఈ రెండు "అంట"ల మీద మన పిల్లల ఐదారేళ్ళ జీవితం ఆధారపడుతోంది.

ఈ వ్యాసం ఆ "అంట"లని ప్రశ్నలుగా మార్చే ప్రయత్నం. ఉదాహరణగా తమిళనాడులోని చిదంబరంలో ఉన్న అన్నామలై యూనివర్సిటీని తీసుకుంటున్నాను. కారణాలు మూడు. అది పాతది. అది ఉన్నది చిన్న పట్నంలో. 2011 జనాభా లెక్కల్లో చిదంబరం జనం సుమారు 62 వేలు. మూడోది, దూరవిద్య పుణ్యమా అని ఆ పేరు తెలుగు జిల్లాల్లో టీచర్లకీ ఉద్యోగులకీ బాగా తెలిసినదే. అక్కడ చేరమని గానీ చేరొద్దని గానీ చెప్పడం నా ఉద్దేశం కాదు. దాన్ని పరీక్షించిన పద్ధతిలోనే ఇంకే యూనివర్సిటీనైనా పరీక్షించవచ్చునని చెప్పడమే నా ఉద్దేశం.

పాతది అంటే ఎవరికి పాతది?

అన్నామలై యూనివర్సిటీ 1929లో ఏర్పడింది. మద్రాసు రాష్ట్రంలో మద్రాసు యూనివర్సిటీ (1857), ఆంధ్ర యూనివర్సిటీ (1926) తర్వాత అది మూడోది. అంతకుముందు 1920లో రాజా అన్నామలై చెట్టియార్ చిదంబరంలో మీనాక్షి కాలేజీ పెట్టారు. దాని చుట్టూ పెరిగినదే ఈ యూనివర్సిటీ. నాట్టుకోట్టై చెట్టియార్ల వడ్డీ వ్యాపారపు సంపద దీనికి పునాది. ప్రో-చాన్సలర్ పదవి దశాబ్దాల పాటు ఆ కుటుంబంలోనే వంశపారంపర్యంగా నడిచింది. డబ్బు ఇబ్బందులు, అవసరానికి మించిన నియామకాలు బయటపడ్డాక 2013లో తమిళనాడు ప్రభుత్వం కొత్త చట్టం చేసి దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. అంటే వయసు తొంభై ఏళ్ళు దాటినా, పూర్తి ప్రభుత్వ యూనివర్సిటీగా దాని వయసు 2013 నుంచే. ఈ రెండు వయసులూ వేరు. ఒక సంస్థ మీద కుటుంబ పెత్తనం ఉందా, ప్రభుత్వ అజమాయిషీ ఉందా అన్నది మనకి చిన్న విషయం కాదు. రోస్టరు, నియామకాలు, ఫీజులు, సమాచార హక్కు - అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

అయితే చిదంబరంలో చదువు చరిత్ర 1920లో మొదలు కాలేదు. 1916లోనే స్వామి సహజానంద అదే ఊళ్ళో దళిత పిల్లల కోసం నందనార్ పేరుతో బడి పెట్టారు. ఆయన 1890లో పుట్టిన పరయ కులస్తుడు. తర్వాత మద్రాసు శాసనసభలో కూర్చుని దళితుల చదువు కోసం, భూమి కోసం మాట్లాడారు. 1959లో చనిపోయే దాకా ఆ బడినీ హాస్టలునూ నిలబెట్టారు. ఒకే ఊళ్ళో నాలుగేళ్ళ తేడాతో రెండు సంస్థలు పుట్టాయి. ఒకటి యూనివర్సిటీ అయింది, దాని పేరు దేశమంతా తెలిసింది. రెండోదాని పేరు మన తెలుగు దళిత ఉద్యమంలో కూడా చాలామందికి తెలియదు. "హిస్టారిక్ యూనివర్సిటీ" అన్న మాట విన్నప్పుడు మొదట అడగాల్సింది ఇదే: ఆ ఊళ్ళో మనవాళ్ళ చదువు చరిత్ర ఏది? అది యూనివర్సిటీ లోపల ఉందా, బయట ఉందా? బయట ఉంటే, లోపలికి రావడానికి ఎన్నేళ్ళు పట్టింది?

నందనార్ పేరు ఎందుకో తెలుగు పాఠకుల కోసం చెప్పాలి. పన్నెండో శతాబ్దంలో శేక్కిళార్ రాసిన పెరియ పురాణంలో నందనార్ ఆదనూరు అంటరానివాడలో పుట్టిన శివభక్తుడు. చిదంబరం గుడి చూడాలని ఆశపడి "రేపు వెళ్తాను, రేపు వెళ్తాను" అంటూ ఉండేవాడట. చివరికి వెళ్తే, నిప్పులో దిగి, బ్రాహ్మణ ముని రూపంలో బయటికి వచ్చాకే లోపలికి పోనిచ్చారని కథ. భక్తులు దాన్ని మహిమ అంటారు. దళితులు దాన్ని హత్య అని చదివారు. నాకు దాంట్లో ఒక షరతు కనిపిస్తుంది: లోపలికి రావచ్చు, కానీ నీ పుట్టుకని గుమ్మం దగ్గర కాల్చేసి రావాలి. యూనివర్సిటీలు కూడా ఈ షరతు పెడతాయి, నోటితో చెప్పకుండా. ఆ సంగతి తర్వాత మాట్లాడదాం.

ఊరు ఎంత, క్యాంపస్ ఎంత?

చిన్న పట్నం గురించి మనలో రెండు అభిప్రాయాలున్నాయి. ఒకటి: చిన్న పట్నం అంటే పెద్ద పల్లెటూరే, కులం ఇంకా గట్టిగా ఉంటుంది, నగరానికి పోవడమే మంచిది. అంబేద్కర్ 1948 నవంబరులో రాజ్యాంగ సభలో గ్రామాన్ని అజ్ఞానానికి, సంకుచితానికి, మతతత్వానికి నిలయమని తిట్టిన మాట ఈ అభిప్రాయానికి బలం. రెండోది: చిన్న పట్నంలో ఖర్చు తక్కువ, మనసు చెదరదు, చదువు సాగుతుంది.

రెండింట్లోనూ కొంత నిజం ఉంది, రెండూ చాలవు. మన అనుభవమే చూడండి. 1985 జులైలో కారంచేడు మాదిగలు ప్రాణాలు దక్కించుకోవడానికి పరిగెత్తింది చీరాలకి. 1991 ఆగస్టులో చుండూరు మాలలు తెనాలికి చేరారు. పల్లె తరిమినప్పుడు దగ్గరి చిన్న పట్నమే ఆశ్రయం ఇచ్చింది, ఉద్యమానికి శిబిరం అయింది. కాబట్టి పట్నం పల్లెటూరు కాదు. కానీ ఆ పట్నంలోనే అద్దె ఇల్లు అడిగితే "మీరేవుట్లు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. కాబట్టి పట్నం నగరమూ కాదు.

నగరం ఇచ్చేది అజ్ఞాతం. అక్కడ నువ్వెవరో వీధికి పట్టదు. పట్టినా, ఇంకో వీధి ఉంటుంది. ఆ అజ్ఞాతానికి ఖరీదు ఉంది: గది అద్దె, బస్సు, హోటలు. చిన్న పట్నం ఇచ్చేది సమయం. లైబ్రరీకి నడిచిపోవచ్చు, తక్కువ డబ్బుతో నెల గడుస్తుంది. ఆ సమయానికీ ఖరీదు ఉంది: అందరికీ నువ్వు తెలుసు. టీ కొట్టువాడికి తెలుసు, జిరాక్సు షాపువాడికి తెలుసు, డిపార్టుమెంటు క్లర్కుకి తెలుసు. ఒకడితో తగాదా వస్తే తప్పించుకునే వీధి లేదు.

ఈ రెండింటి మధ్య ఒక మూడో దారి ఉంది. అది రెసిడెన్షియల్ క్యాంపస్. అన్నామలై మొదటినుంచీ విద్యార్థులు లోపలే ఉండి చదివే పద్ధతిలో కట్టిన యూనివర్సిటీ. చిదంబరం రైలు పట్టాలకి పడమర ఊరు, గుడి. తూర్పున యూనివర్సిటీ ఉన్న అన్నామలై నగర్. అన్నామలై నగర్ విడిగా ఒక టౌన్ పంచాయతీ. అంటే లోపల హాస్టలు దొరికిన విద్యార్థికి ఊరితో రోజువారీ అవసరం తక్కువ. హాస్టలు దొరకని విద్యార్థి పట్టాలు దాటి గది వెతుక్కోవాలి, అప్పుడు అతను యూనివర్సిటీలో కాదు, ఊళ్ళో బతుకుతున్నాడు. పేరు ఒకటే, సీటు ఒకటే, బతుకు రెండు రకాలు.

ఆ ఊరు ఎట్లాంటిదో కూడా తెలియాలి. చిదంబరం కావేరి డెల్టా ఉత్తరపు అంచున ఉంది. వరి పొలాలు, భూస్వాములు, పొలంపని చేసే దళితులు - మన కృష్ణా డెల్టా మనిషికి కొత్తగా చెప్పక్కర్లేదు. అదే డెల్టాలో, దక్షిణాన కీళ్వెణ్మణిలో 1968 డిసెంబరు 25న 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి కాల్చారు. చిదంబరం నటరాజ ఆలయ నిర్వహణ మీద దీక్షితులకీ ప్రభుత్వానికీ నడిచిన వివాదంలో 2014 జనవరిలో సుప్రీంకోర్టు దీక్షితుల పక్షాన తీర్పు ఇచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఆ గుడి కనకసభ ఎక్కబోయిన దళిత మహిళని అడ్డుకుని కులం పేరుతో దూషించారన్న ఫిర్యాదు మీద దీక్షితులపై ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. ఇది ఊరి ఒక ముఖం.

ఇంకో ముఖం కూడా ఉంది. చిదంబరం లోక్‌సభ స్థానం ఎస్సీలకి రిజర్వు అయినది. అంటరానితనం మీద 1969లో కేంద్రానికి నివేదిక ఇచ్చిన కమిటీకి అధ్యక్షుడైన ఎల్. ఇళయపెరుమాళ్ ఈ ప్రాంతం మనిషే, ఇక్కడి నుంచి పార్లమెంటుకి వెళ్ళినవాడే. విడుదలై చిరుత్తైగళ్ పార్టీ నాయకుడు తిరుమావళవన్ ఇక్కడినుంచి 2009, 2019, 2024 ఎన్నికల్లో గెలిచారు. అంటే కులం గట్టిగా ఉన్నచోటే దళిత రాజకీయమూ గట్టిగా ఉంది. విద్యార్థికి ఇది ముఖ్యం. అన్యాయం జరిగినప్పుడు తలుపు తట్టడానికి ఆ ఊళ్ళో మన సంఘం, మన లాయరు, మన పార్టీ ఆఫీసు ఉన్నాయా లేవా? ప్రశాంతమైన ఊరు అని పేరున్నంత మాత్రాన మంచి ఊరు కాదు. మనోళ్ళు నోరెత్తని చోట కూడా ప్రశాంతంగానే ఉంటుంది.

కుల సర్టిఫికెట్ ఎక్కడిదాకా పనిచేస్తుంది?

ఇది చాలామందికి తెలియని సంగతి, తెలిసేసరికి ఆలస్యమయ్యే సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఎస్సీ అయిన విద్యార్థి ఇంకో రాష్ట్రపు యూనివర్సిటీలో రాష్ట్ర కోటాకి ఎస్సీ కాడు.

దీని వెనక ఉన్న కేసు తెలుగువాడిదే. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ జాబితాలో ఉన్న కులం మనిషి. తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరాడు. అక్కడ మెడికల్ సీటుకి ఎస్టీ కోటా అడిగితే ఇవ్వలేదు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది ఏమిటంటే, 341, 342 అధికరణాల కింద ప్రతి కులాన్నీ "ఆ రాష్ట్రానికి సంబంధించి" గుర్తిస్తారు కాబట్టి, వలస వెళ్ళిన మనిషితో పాటు ఆ హోదా ఇంకో రాష్ట్రానికి ప్రయాణం చెయ్యదు. 2018లో బీర్ సింగ్ కేసులో ఇంకో రాజ్యాంగ ధర్మాసనం దీన్నే ఖాయం చేసింది. అంటరానితనం రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుందా అని అడగవచ్చు. అడగాలి కూడా. కానీ చట్టం ప్రస్తుతం ఇదీ.

తమిళనాడులో 69 శాతం రిజర్వేషన్లున్నాయి. అందులో ఎస్సీలకి 18 శాతం, ఆ 18లో 2009 నుంచి అరుంధతీయులకి 3 శాతం. అరుంధతీయుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా ఒంగోలు నుంచి వెళ్ళిన మాదిగ పిల్లకి ఆ 3 శాతంలో చోటు లేదు, ఆ 18లోనూ లేదు. బయటి రాష్ట్రంవాళ్ళని అక్కడ ఓపెన్ కేటగిరీగా లెక్కిస్తారు. కాబట్టి చిదంబరంలో సీటు అంటే ఓపెన్‌లో పోటీ పడి తెచ్చుకోవాల్సిన సీటు.

కేంద్ర యూనివర్సిటీలలో లెక్క వేరు. 2006 నాటి కేంద్ర విద్యాసంస్థల చట్టం కింద ఎస్సీ 15, ఎస్టీ 7.5, ఓబీసీ 27 శాతం సీట్లు దేశంలో ఏ రాష్ట్రంవాళ్ళకైనా వర్తిస్తాయి. చిన్న పట్నంలో పాత యూనివర్సిటీయే కావాలనుకుంటే బెంగాల్లో బోల్పూరు పక్కన శాంతినికేతన్‌లోని విశ్వభారతి కేంద్ర యూనివర్సిటీ. 1921లో మొదలై 1951లో కేంద్రం కిందికి వచ్చింది. దూరం ఎక్కువే, కానీ నీ సర్టిఫికెట్ అక్కడ పనిచేస్తుంది. కాబట్టి రెండో ప్రశ్న: అది రాష్ట్రానిదా, కేంద్రానిదా, ప్రైవేటుదా? ఇది కనుక్కోకుండా దూరం, ఖర్చు లెక్కలు వేసి ప్రయోజనం లేదు.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. మన ఆంధ్రలో ఇంటిపేరు వింటే చాలు, కులం తెలిసిపోతుంది. తమిళనాడులో ఇంటిపేర్ల వాడుక తక్కువ. తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టుకుంటారు. తెలుగు ఇంటిపేరు చూసి కులం చెప్పగలిగేవాళ్ళు అక్కడ తక్కువ. అంటే గుంటూరులో దొరకని అజ్ఞాతం తెలుగు దళిత విద్యార్థికి చిదంబరంలో కొన్నాళ్ళు దొరకవచ్చు. రిజర్వేషన్ పోయింది, దాంతోపాటు గుర్తూ పోయింది. ఇది హాయిగా అనిపిస్తుంది, ముఖ్యంగా మొదటి సంవత్సరం. కానీ అజ్ఞాతం మీద బతికేవాడు తోటి దళిత విద్యార్థి దగ్గరికి కూడా వెళ్ళలేడు. ఎక్కడ బయటపడతామోనని సంఘానికి పోడు, అంబేద్కర్ జయంతికి పోడు. నందనార్ కథలో నిప్పు పేరు ఇదే. ఎవరూ కాల్చక్కర్లేదు, మనమే రోజూ కొంచెం కాల్చుకుంటాం. చెప్పుకోవాలా వద్దా అన్నది ఆ విద్యార్థి ఇష్టం. దాన్ని ఎవరూ తప్పు పట్టకూడదు. కానీ "దాచుకుంటే చాలు, బాగుంటుంది" అన్న లెక్కతో మాత్రం ఊరు ఎంచుకోవద్దు.

డబ్బు ఎన్ని నెలలు ఆగుతుంది?

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ విషయంలో నియమం మనకి అనుకూలంగానే ఉంది. విద్యార్థి ఏ రాష్ట్రంలో చదివినా, ఇచ్చేది సొంత రాష్ట్రం. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. కానీ కాగితం రెండు రాష్ట్రాల ఆఫీసుల మధ్య తిరగాలి. చేరకముందే మన జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసులో ఈ యూనివర్సిటీ, ఈ కోర్సు వాళ్ళ జాబితాలో ఉన్నాయా అని అడిగి, తర్వాతే ఫీజు కట్టాలి.

పరిశోధన విద్యార్థికి ఆధారం ఫెలోషిప్పు. యు.జి.సి. నెట్‌లో, ఎస్సీల జాతీయ ఫెలోషిప్పులో నీ హోదా దేశమంతా చెల్లుతుంది, అక్కడ రాష్ట్రం గొడవ లేదు. జె.ఆర్.ఎఫ్. 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు. చిన్న పట్నంలో ఈ డబ్బుతో బతకడమే కాదు, ఇంటికి కొంత పంపవచ్చు కూడా. మొదటి తరం విద్యార్థి ఫెలోషిప్పు ఎప్పుడూ ఒక్కడి డబ్బు కాదు. చెల్లెలి ఫీజు అందులోనే, నాన్న మందులు అందులోనే. చిన్న పట్నానికి ఉన్న నిజమైన బలం ఇదే, దీన్ని తక్కువ చెయ్యకూడదు.

అయితే ఫెలోషిప్పు నెలనెలా రాదు. ఆరు నెలలు ఆగి ఒక్కసారి రావచ్చు. ఆ ఆరు నెలలు నగరంలోనైతే ట్యూషన్లు, అనువాదాలు, ఏదో ఒక పని దొరుకుతుంది. చిన్న పట్నంలో, అందులోనూ భాష రానిచోట, దొరకదు. అప్పుడు మిగిలేది హాస్టలు మెస్సులో బాకీ పెట్టడం. కాబట్టి అడగాల్సింది "నెల ఖర్చు ఎంత?" అని మాత్రమే కాదు. "డబ్బు ఆగితే మెస్సు ఎన్ని నెలలు ఆగుతుంది?" అని కూడా అడగాలి. దీనికి జవాబు అప్లికేషన్ పుస్తకంలో ఉండదు, అక్కడ చదువుతున్న పేద విద్యార్థి దగ్గర ఉంటుంది.

గైడు, తోడు

పెద్ద నగరంలో పెద్ద యూనివర్సిటీ మనల్ని కాపాడుతుందన్న భ్రమ ఇక ఎవరికీ ఉండకూడదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు హాస్టల్లో ఎట్లా వేరుపడిపోయారో 2007లో థోరాట్ కమిటీ నమోదు చేసింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదుగురు దళిత పరిశోధకుల్ని హాస్టల్ నుంచి బయటికి నెడితే, వాళ్ళు వేసుకున్న డేరాకి "వెలివాడ" అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. నెలల తరబడి ఫెలోషిప్పు ఆగింది. అది నగరమే, కేంద్ర యూనివర్సిటీయే.

తేడా ఎక్కడంటే, ఆ తర్వాత జరిగినదాంట్లో. హైదరాబాద్‌లో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఉంది. అది అంతకుముందే ఇరవై ఏళ్ళకి పైగా పాతుకున్న సంఘం. పత్రికలు ఉన్నాయి, కోర్టు ఉంది. అందుకే ఆ చావు దేశమంతటికీ తెలిసింది. చిన్న పట్నంలో చదువు మధ్యలో ఆపేసి, సూటుకేసు సర్దుకుని రైలెక్కి వచ్చేసిన మన పిల్లల గురించి ఎవరు రాశారు? వాళ్ళని "డిస్కంటిన్యూ" అని రిజిస్టర్లో ఒక్క మాటతో కొట్టేశారు.

కాబట్టి గైడు గురించి అడగాలి. ఆ డిపార్టుమెంటులో గడిచిన పదేళ్ళలో ఎంతమంది దళిత విద్యార్థులు చేరారు, ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారు? ఎంతమంది ఏ గైడు దగ్గర ఆగిపోయారు? పెద్ద యూనివర్సిటీలో ఒక గైడు కాదంటే ఇంకొకరు ఉంటారు. చిన్న డిపార్టుమెంటులో నీ విషయానికి ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరితో చెడితే నీ పిహెచ్.డి. చెడినట్టే. రోస్టరు ఎట్లా అమలవుతోంది, దళిత అధ్యాపకులు ఎందరు అన్నది సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో అడగవచ్చు. వివక్ష నిరోధానికి ఒక అధికారి, సమాన అవకాశాలకి ఒక విభాగం ఉండాలని 2012లో యు.జి.సి. నిబంధనలు చెప్పాయి. అవి బోర్డు మీద ఉన్నాయా, ఒక్క ఫిర్యాదైనా విన్నాయా అని అడగాలి. ఆడపిల్లలైతే ఇంకొకటి: సాయంత్రం లైబ్రరీ ఎన్నింటిదాకా, హాస్టలు గేటు ఎన్నింటికి? లైబ్రరీ తొమ్మిదిదాకా తెరిచి, ఆడపిల్లల హాస్టలు గేటు ముందే మూసేస్తే, ఆ పాత యూనివర్సిటీలో సగం ఆమెకి లేనట్టే.

డిగ్రీ చెల్లుతుందా?

అన్నామలై 1979లో దూరవిద్య మొదలుపెట్టింది. ఊరు కదలకుండా, ఉద్యోగం మానకుండా డిగ్రీ. మన టీచర్లకి, గుమాస్తాలకి, పెళ్ళయ్యాక చదువు ఆగిన ఆడవాళ్ళకి అది నిజంగా ఒక తలుపు తెరిచింది. దాన్ని చిన్నచూపు చూసేవాళ్ళకి రెగ్యులర్ చదువు తాతలనాటి ఆస్తి. కానీ 2014-15 వరకే దూరవిద్యకి గుర్తింపు ఉందని, ఆ తర్వాత అనుమతి లేకుండా నడిపిన కోర్సులు చెల్లవని 2022 మార్చిలో యు.జి.సి. బహిరంగ ప్రకటన ఇచ్చింది. ఆ డిగ్రీతో ప్రమోషన్ అడిగినవాళ్ళ పరిస్థితి ఏమిటి? యూనివర్సిటీ పాతదే, పేరు గొప్పదే. చెల్లనిది మాత్రం ఫీజు కట్టినవాడి కాగితం. అందుకే దూరవిద్యలో చేరేవాళ్ళు యూనివర్సిటీ పేరు కాదు, ఆ సంవత్సరానికి ఆ కోర్సుకి దూరవిద్య అనుమతి ఉందా అన్నది యు.జి.సి. జాబితాలో చూసుకోవాలి. ఈ ఏడాది ఉందంటే పోయిన ఏడాది ఉన్నట్టు కాదు.

మిలింద్ చెప్పే పాఠం

చిన్న పట్నం మనకి పనికిరాదని ఎవరైనా అంటే నేను ఔరంగాబాద్ చూపిస్తాను. అంబేద్కర్ చదువుకున్నది బొంబాయి, న్యూయార్క్, లండన్ నగరాల్లో. కానీ కాలేజీలు కట్టేటప్పుడు ఆయన నగరంతో ఆగలేదు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టాక, 1950లో అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఔరంగాబాద్‌లో కాలేజీ పెట్టారు, అదే మిలింద్. మరాఠ్వాడా పల్లెల నుంచి వచ్చే దళిత పిల్లలకి బొంబాయి దూరం, ఖర్చు. కాబట్టి కాలేజీయే వాళ్ళ దగ్గరికి వెళ్ళింది, హాస్టళ్ళతో సహా. ఆ తరం నుంచే రచయితలు, ఉద్యమకారులు వచ్చారు. 1958లో అదే ఊళ్ళో పుట్టిన మరాఠ్వాడా యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు పెట్టాలన్న శాసనసభ తీర్మానం మీద 1978లో దళితవాడలు తగలబెట్టారు. అయినా వెనక్కి తగ్గలేదు. 1994 జనవరి 14న ఆ పేరు పెట్టించుకున్నారు.

చిన్న ఊరు మనకి పనికొచ్చేలా చేసినవి మూడు: మనకోసం కట్టిన హాస్టలు, మన మనిషిగా చూసే అధ్యాపకుడు, గుంపుగా ఉన్న మనవాళ్ళు. ఈ మూడూ ఉంటే వయసు లేని కాలేజీ కూడా చరిత్ర సృష్టిస్తుంది. మూడూ లేకపోతే వందేళ్ళ యూనివర్సిటీ కూడా మనకి అద్దె ఇల్లే. ఏ గదికి ఏ రోజు ఖాళీ చెయ్యమంటారో తెలియదు.

అయితే మూడూ ఉన్న చోటు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే నందనార్ లాగే "రేపు, రేపు" అనుకుంటూ ఉండిపోతాం. నా అభిప్రాయం ఇది. క్యాంపస్ లోపల హాస్టలు ఖాయం కాకపోతే చిన్న పట్నానికి వెళ్ళొద్దు. హాస్టలు ఖాయమై, ఫెలోషిప్పు చేతిలో ఉండి, పని చేయించే గైడు ఉన్నాడని ఇద్దరు పూర్వ విద్యార్థులు చెబితే వెళ్ళాలి, ఒంటరిగా అయినా వెళ్ళాలి. ఫెలోషిప్పు లేకుండా, రాష్ట్రం కాని రాష్ట్రంలో, పేరు చూసి మాత్రం వెళ్ళొద్దు.

ఇక ఈ పత్రిక చదివే టీచర్లకి, కార్యకర్తలకి ఒక మాట. పై కులాల ఇళ్ళలో మేనమామ చేసే పని మన ఊళ్ళలో మనం చెయ్యాలి. మీ జిల్లా నుంచి ఏ పిల్ల, ఏ పిల్లాడు ఏ యూనివర్సిటీకి వెళ్ళాడో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. హాస్టలు దొరికిందా, గైడు ఎవరు, డబ్బు ఎన్ని నెలలకి వచ్చింది, చదువు పూర్తయిందా, పూర్తికాకపోతే ఎందుకు - ఈ ఐదు సంగతులు చాలు. మధ్యలో తిరిగొచ్చినవాళ్ళని సిగ్గుపడేలా చెయ్యకండి. అందరికంటే ఎక్కువ సమాచారం ఉన్నది వాళ్ళ దగ్గరే. వచ్చే ఏడాది ఫలితాలొచ్చాక ఒక తల్లి వచ్చి "అయ్యా, ఆ చదువుల ఊరు మా పిల్లకి మంచిదేనా?" అని అడిగితే, "పాత యూనివర్సిటీయే అమ్మా" అని కాకుండా ఆ పుస్తకం తెరిచి జవాబు చెప్పగలగాలి.